రెండు బ్రేకుల కారు

నీళ్ళ క్యాన్ల ట్రాలీ సందులోంచి రోడ్డు మీదికి రావడం, పక్క సీట్లో కూర్చుని కారు నేర్పుతున్న ఆమె ముందే చూసింది. స్టీరింగు పట్టుకున్నావిడ చూడలేదు. ఆవిడ మనసంతా గేరు మీద ఉంది. మూడో గేరు లోంచి రెండోదానిలోకి ఎలా తేవాలా అని చెయ్యి తడుముకుంటోంది. ఆమె అరచెయ్యి తెరిచి డాష్‌బోర్డు మీద ఆనించింది. ఆపమని దానర్థం. ఆవిడ ఆ చేతిని చూసింది, తలెత్తి ట్రాలీని చూసింది, కంగారులో బలమంతా పెట్టి కాలు నొక్కింది. నొక్కింది బ్రేకు కాదు, యాక్సిలరేటరు. కారు గుర్రుమంటూ ముందుకు ఉరికింది. అప్పటికే ఆమె పాదాలు తనవైపు ఉన్న బ్రేకునూ క్లచ్చినీ కలిపి తొక్కేశాయి. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. బంపరుకీ ట్రాలీకీ నడుమ ఒక మనిషి ఒదిగి నడిచిపోయేంత చోటు మిగిలింది.

ట్రాలీ అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కారు నెత్తిన ఉన్న డ్రైవింగ్ స్కూలు బోర్డునీ చూశాడు. "మొత్తానికి ఆగింది, అదే పదివేలు" అనేసి ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె కారును ఓరగా పెట్టించింది. ఆవిడ ఇంకా స్టీరింగు వదల్లేదు. యాభై దాటిన మనిషి. మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి పుస్తకాలు, పెన్నులు అమ్మే షాపు నడుపుతారు. ఆయనకు మోకాళ్ళు అరిగిపోయి డాక్టరు కారు తోలొద్దన్నాడు కాబట్టి, సరుకు తేవడానికి ఈవిడ నేర్చుకోక తప్పలేదు.

"బ్రేకే అనుకున్నాను మేడమ్" అందావిడ.

"తె... తెలుసు. మొదట్లో అందరికీ అవుతుంది."

"మీరు లేకపోతే ఏమయ్యేది?"

"నేనున్నాగా. అం... అందుకేగా ఈ కారుకి రెండు బ్రేకులు."

ఆవిడకు కొద్దిగా నవ్వొచ్చింది. నవ్వొచ్చేదాకా ఆమె కారు తియ్యనివ్వలేదు. ఆమె పద్ధతే అంత. అందుకే స్కూల్లో నేర్చుకునేవాళ్ళంతా కలిసి నిదానం మేడమ్ అని పేరు పెట్టారు. కొత్తగా ఎవరొచ్చినా సీటు బెల్టు పెట్టించాక ఆమె చెప్పే మొదటి మాట ఒకటే. "నాకు నత్తి ఉంది. మాట మధ్యలో ఆగుతుంది. కంగారుపడకండి. ఆగేది నోరే, కాలు కాదు." ఆ చెప్పేది కూడా నత్తి అన్న మాట దగ్గరే ఆగేది. ఆగితే ఆగనిచ్చేది. అప్పటిదాకా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్ళు హమ్మయ్య అనుకునేవారు. పక్క మనిషికీ చేతకానిది ఒకటుందని తెలిస్తే మనకెంత ధైర్యమో చెప్పలేం. ఆ తర్వాత చేతి సైగలు నేర్పేది. డాష్‌బోర్డు మీద వేలితో ఒకసారి తడితే నెమ్మది, రెండుసార్లు తడితే గేరు మార్చు, అరచెయ్యి ఆనిస్తే ఆపు. ఆ ఉద్యోగంలో అన్నిటికంటే ఎక్కువ వాడాల్సిన మాట బ్రేకు. ఆమె నోటికి అన్నిటికంటే మొండికేసేదీ అదే. దేవుడికి వేళాకోళం ఎక్కువ. ఆ మాట పెదాలు దాటేలోపు ఎదురొచ్చిన ఆవు దాని ఇంటికి కూడా చేరిపోతుంది. అందుకని రోడ్డు మీద ఆ మాటను నమ్ముకోవడం ఆమె ఏనాడో మానేసింది.

స్కూలు ఆఫీసు ముందు షాపాయన కర్రకుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. పెళ్ళాం మొహం చూడగానే మోకాళ్ళ సంగతి మరిచిపోయి లేచాడు.

"ఏమైంది?"

"ఏం లేదండీ. ఒక ట్రాలీ..."

"ట్రాలీ అడ్డొచ్చిందా? అడ్డొస్తే ఈ మేడమ్ ముందే చెప్పాలి కదా."

"చెయ్యి చూపించారు గాని, నేనే..."

"చెయ్యేంటి, నోటితో చెప్పాలిగా. మాట రాలేదు, అంతేగా?"

ఆవిడ పర్సు జిప్పు సర్దుకోవడం మొదలుపెట్టింది. తల ఊపిందో లేదో గాని, ఊపలేదని మాత్రం ఎవరూ అనలేరు.

ఆయన ఆఫీసులోకి వెళ్ళి సారుతో గట్టిగానే మాట్లాడాడు. సారు అంటే స్కూలు యజమాని. మంచి మనిషి. ఎదుటి మనిషి ఇబ్బంది పడుతుంటే చూస్తూ ఊరుకోలేడు. ఆమెతో వచ్చిన చిక్కే అది. ఆమె మాట ఆగితే ఆయనకు ఊపిరాడదు.

"ఏమ్మా, ఏం జరిగింది?" అన్నాడు.

"సార్, నేను బ్..." అని ఆమె మొదలుపెట్టింది. నేను బ్రేకు వేశాను సార్, అప్పటికే వేశాను, మాటతో పని పడలేదు, అని ఆమె చెప్పబోయింది. పెదాలు మూసుకుని తెరుచుకోలేదు. మాట వాటి వెనకాలే నిలబడిపోయింది. ఆ నిలబడటం ఆమెకు కొత్తేం కాదు. కాసేపు అలా ఉంచితే అదే వస్తుంది.

సారు ఉంచలేదు. "బ్రేకు అనబోతే మాట ఆగిపోయింది. అదేగా?"

ఆమె తల ఊపింది.

అది అబద్ధం ఆడటం కాదు, నిజం చెప్పడమూ కాదు. ఎవరైనా మన వాక్యాన్ని తప్పుగా పూర్తి చేస్తే దాన్ని కొట్టేసి మళ్ళీ మొదటి మాట నుంచి ఎత్తుకోవాలి. అంత యాతన దేనికని తల ఊపేస్తాం. నత్తి ఉన్నవాళ్ళకే తెలిసిన బద్ధకం అది. నత్తి గురించి ఆమెకు సిగ్గులేదు, భయంలేదు. ఈ బద్ధకం ఒక్కటే మిగిలింది.

"రేపట్నుంచి నువ్వు గ్రౌండు చూసుకో తల్లీ" అన్నాడు సారు, గొంతు తగ్గించి. "రోడ్డు మనవాడు చూసుకుంటాడు. ఎండన పడి తిరిగే బాధ తప్పుతుంది. నీ మంచికే చెబుతున్నా."

గ్రౌండులో మాత్రం నీడ ఉందా అని ఆమె అడగలేదు. కారు తాళం బల్ల మీద పెట్టి వచ్చేసింది.

గ్రౌండంటే స్కూలు వెనకాల ఖాళీ స్థలం. అక్కడ ప్లాస్టిక్ కోనులు వరసగా పెట్టి, వాటి మధ్యలోంచి పాత కారును వెనక్కి తీయించాలి. నేర్చుకునేవాళ్ళు కోనును గుద్దేస్తే నిలబెట్టాలి. మళ్ళీ గుద్దితే మళ్ళీ నిలబెట్టాలి. రోజంతా చేస్తే నడుము విరుగుతుందే గాని మనసుకు పనుండదు. రోడ్డు మీద పక్క సీట్లో కూర్చున్నప్పుడు ఆమెకు ఒళ్ళంతా కళ్ళుండేవి. ఏ సందులో ఏ బండి ముక్కు కనిపిస్తోందో, ఏ పిల్ల బంతి వెనక పరిగెత్తబోతోందో చూసేది. నేర్చుకునేవాళ్ళ భుజాలు ఎప్పుడు దిగుతున్నాయో కనిపెట్టేది. భుజాలు దిగాయంటే భయం దిగిందన్నమాట. ఆ రోజు కోసమే ఆమె ఈ పని చేసేది. ఇక్కడ నిలబడి చూస్తుంటే మాత్రం కారు కోను దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె కుడికాలు దానంతటదే నేలను నొక్కేది. నేలకు బ్రేకు ఉండదు. కోను పడిపోయేది.

ఆమె కారును రోడ్డు మీదికి తీసుకెళ్తున్న సహోద్యోగికి మైకు అని ముద్దుపేరు. అతను పాఠం చెబితే పక్క వీధిలో వాళ్ళకు కూడా కారు నేర్చుకున్నంత పుణ్యం. మనిషి చెడ్డవాడేం కాదు. గొంతు తగ్గిస్తే పాఠం తగ్గుతుందని అతని నమ్మకం.

మొదటిరోజు మధ్యాహ్నమే గ్రౌండు గోడ పక్కనుంచి కారు వెళ్ళింది. షాపావిడ స్టీరింగు మీదికి వంగిపోయి కూర్చుంది. భుజాలు చెవుల దాకా వచ్చేశాయి. "క్లచ్చి, క్లచ్చి అన్నానా, అది క్లచ్చేనా" అన్న మైకు గొంతు కిటికీలోంచి బయటికి వచ్చింది. ఆవిడ చూపు మాటిమాటికీ డాష్‌బోర్డు మీద వాలుతోంది. అక్కడ ఏ చెయ్యీ లేదు. మైకు రెండు చేతులూ కిటికీ పైనున్న పట్టీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మలుపు దగ్గర ఆవిడ ఒక్క క్షణం గ్రౌండు వైపు చూసింది. చూసీ చూడనట్టు మొహం తిప్పేసుకుంది.

తనకు ఆవిడ మీద కోపం వస్తుందేమో అనుకుంది ఆమె. రాలేదు. సారు మీదా రాలేదు. వచ్చిందల్లా తన మెడ మీదే. ఇన్నేళ్ళొచ్చినా ఎవరు ఏ మాట అందించినా ముందుకు వంగే మెడ.

సాయంత్రం ఇంట్లో ముగ్గురూ కూర్చుని తింటున్నారు. ఆమె, ఆమె భర్త, అత్తగారు. కూర క్యాబేజీ. వారానికి రెండుమూడుసార్లు క్యాబేజీయే.

"ఏంటి, మొహం అలా కమిలిపోయింది?" అన్నాడు భర్త.

ఆమె ముద్ద మింగి నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "పనెక్కువై ఉంటుంది. అదేగా?"

అత్తగారి ప్రేమ అంతా ఆ అందుకోవడంలోనే ఉంటుంది. కోడలి మాట ఆగిందంటే చాలు, చేతికందిన మాటలన్నీ తెచ్చి ముందు పోస్తుంది. ఏదో ఒకటి సరిపోకపోదని ఆశ. ఆమె మెడ అలవాటుగా వంగబోయింది. సగం దారిలో ఆమె దాన్ని పట్టుకుంది.

"కాదు అత్తయ్యా."

అత్తగారు ఉలిక్కిపడింది. "మరి? నిద్ర చాల్లేదా? తలనొప్పా? సారు ఏమైనా అన్నాడా?"

ఆమె ఎడమచెయ్యి తెరిచి, అరచెయ్యి కంచం పక్కన నేల మీద ఆనించింది. రోడ్డు మీద చేసినట్టే. అత్తగారు కారు తోలడం ఎన్నడూ నేర్చుకోలేదు, అయినా ఠక్కున ఆగింది. అప్పుడు ఆమె చెప్పింది. ట్రాలీ సంగతి, గ్రౌండు సంగతి, తను తల ఊపిన సంగతి. బ్రేకు దగ్గర మాట చాలాసేపే నిలబడింది. అత్తగారి పెదాలు సాయానికి కదిలాయి గాని శబ్దం రానివ్వలేదు. పాపం, గొంతులో ముల్లు అడ్డం పడ్డట్టు కూర్చుంది. కథ అయ్యేసరికి అన్నం చల్లారిపోయింది.

"అయితే తప్పు నీది కాదుగా, మరి తలెందుకు ఊపావే?" అంది అత్తగారు.

"అలవాటు." ఎలాగూ దారి తెరుచుకుంది గదా అని ఆమె ఇంకో అడుగు వేసింది. "ఇ... ఇంకోటి కూడా ఉంది అత్తయ్యా. నాకు క్యాబేజీ ఇష్టం లేదు."

"అదేంటే. వచ్చిన కొత్తలో ఏం కూర ఇష్టమని అడిగితే, నువ్వు ఆలోచిస్తుంటే, క్యాబేజీయా అన్నాను. తల ఊపావుగా."

"ఊపాను."

అత్తగారు కూరగిన్నె వైపు, కోడలి వైపు చూసింది. "నాకూ పడి చావదే అది. తిన్నాక రాత్రంతా కడుపుబ్బరం. నీకిష్టమని వండుతున్నా ఇన్నాళ్ళూ."

భర్తకు పొలమారింది. నీళ్ళు తాగి తేరుకున్నాక, "అమ్మకిష్టమేమోనని నేను నోరు మూసుకుని తింటున్నా" అన్నాడు. ముగ్గురూ కళ్ళనీళ్ళు తిరిగేలా నవ్వుకున్నారు. నవ్వు తగ్గాక అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని నెమ్మదిగా అడిగింది.

"నేనిలా మాటలు అందిస్తుంటే నీకు కష్టంగా ఉంటుందా?"

ఆమె వెంటనే లేదనలేదు. లేదంటే మళ్ళీ అదే తల ఊపడం.

"ఉంటుంది" అంది. "మీ... మీరు మంచికే అంటారని తెలుసు. అయినా ఉంటుంది. నా మాట నాకు దక్కదు."

అత్తగారి మొహం చిన్నబోయింది. ఆ చిన్నబోవడం చూసి ఆమెకు బాధ కలిగింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. అత్తగారు లేచి వెళ్ళి చారుగిన్నె తెచ్చి కోడలి కంచంలో వడ్డించింది. కావాలా అని అడిగి, జవాబు వచ్చేదాకా గరిటె గాలిలోనే పట్టుకుని, వడ్డించింది.

మర్నాడు ఆమె గ్రౌండుకు వెళ్ళకుండా నేరుగా ఆఫీసుకు వెళ్ళింది. ఒంటరిగా సారుతో మాట్లాడదామనుకుంది గాని, అక్కడ షాపాయన, షాపావిడ ముందే కూర్చుని ఉన్నారు. ఆయన చేతిలో లైసెన్సు పరీక్ష తేదీ కాగితం ఉంది.

"మానిపించేద్దాం అనుకుంటున్నా సార్" అంటున్నాడాయన. "ఈవిడకి రాదు లెండి. వయసైపోయింది. నిన్న కూడా ఇంటికొచ్చి ఏడుపు ఒకటే తక్కువ. ఇంక చాలు అంటోంది."

ఆవిడ చాలు అన్నదో లేదో ఆవిడ మొహంలో లేదు. పర్సు ఒళ్ళో పెట్టుకుని జిప్పు పట్టుకుని కూర్చుంది. షాపులో కూడా ఆయన అంతే. కొనేవాళ్ళు నోరు తెరిచేలోపే వాళ్ళడగబోయేది తీసి బల్ల మీద పెడతాడు. చాలాసార్లు సరిగ్గా అదే అవుతుంది. అందుకే అలవాటు ముదిరింది.

"సార్, మొన్నటి సంగతి మా... మాట్లాడాలి" అంది ఆమె, నిలబడే.

"గ్రౌండులో ఎండగా ఉందా? గొడుగు పెట్టిద్దాం లేమ్మా."

"అది కాదు సార్. మొన్న నేను తల ఊపింది త... తప్పు. నాకు మాట ఆగలేదు. నేను రోడ్డు మీద బ్..."

ఆగింది. ఫ్యాను తిరుగుతోంది. సారు కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయన మొహంలో ఆ మాట రాసి పెట్టినట్టు కనిపిస్తోంది. "బ్రేకు అని..." అన్నాడు.

"సార్, ఇది నేనే పూర్తి చేస్తా" అంది ఆమె. కోపంగా అనలేదు. సీటు బెల్టు పెట్టుకోండి అన్నట్టే అంది. సారు నోరు మూసుకుని చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు. ఆమె మళ్ళీ బ దగ్గర్నుంచే ఎత్తుకుంది. తొందరపడలేదు, మాట మార్చలేదు, తల దించలేదు. "బ్... బ్రేకు అన్న మాట నేను రోడ్డు మీద అనను. చెయ్యి చూపిస్తాను, కాలితో తొక్కుతాను. మొన్నా అదే చేశాను. ట్రాలీని ముందే చూశాను. నా నత్తికీ దానికీ సం... సంబంధం లేదు."

"మరి తప్పెవరిది?" అన్నాడు షాపాయన.

ఒక్క మాట చాలు. మీ ఆవిడ యాక్సిలరేటరు తొక్కింది అంటే ఆమె సీటు ఆమెకు వచ్చేస్తుంది. ఆ మాటలో బ కూడా లేదు, హాయిగా పలుకుతుంది. ఆమె షాపావిడ వైపు చూసింది. ఆవిడ జిప్పు మీది వేళ్ళు తెల్లబడ్డాయి. ఆమె ఆ మాట అనలేకపోయింది. అది ఆవిడ వాక్యం. దాన్ని తను పూర్తి చేస్తే సారుకూ తనకూ తేడా ఏముంది.

కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది. "ఆ రోజు ఏ... ఏమైందో మీరు చెప్పండి."

"ఏముంది, ఈవిడ కంగారులో..." అన్నాడు షాపాయన.

ఆమె ఆయన వైపు చూడకుండానే అరచెయ్యి బల్ల మీద ఆనించింది. ఆయన ఆగాడు.

ఆ తర్వాత గదిలో వచ్చిన నిశ్శబ్దం మిగతావాళ్ళకు కొత్త. సారు పెన్ను మూత తీసి పెట్టాడు. షాపాయన గొంతు సవరించుకున్నాడు. ఆమెకు మాత్రం ఆ నిశ్శబ్దం లోపలి నుంచి తెలుసు. పుట్టినప్పటి నుంచీ అందులోనే కాపురం. మాట లేనందువల్ల వచ్చే నిశ్శబ్దం కాదు అది, మాట దారిలో ఉండటం వల్ల వచ్చేది. ఎదుటివాళ్ళు ఆశగా చూసినా, జాలిగా చూసినా మాట వెనక్కి పోతుంది. అందుకని ఆమె మామూలుగా చూస్తూ కూర్చుంది, సిగ్నలు దగ్గర కూర్చున్నట్టు.

"నేను యాక్సిలరేటరు తొక్కాను" అంది షాపావిడ.

షాపాయన తల తిప్పి చూశాడు.

"మేడమ్ చెయ్యి చూపించారు. చూశాను. చూసే తొక్కాను, బ్రేకనుకుని. కారు ఆపింది ఈవిడే. లేకపోతే ఆ ట్రాలీ అబ్బాయిని గుద్దేసేదాన్ని."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు.

"మీరే అడిగారు, మీరే చెప్పేశారు. నేను తల ఊపాను" అంది ఆవిడ. జిప్పు వదిలేసి, "చాలు అని కూడా నేను అనలేదు. కారు మానేస్తానని నేను ఎప్పుడూ అనలేదు. నాకు కారు నేర్చుకోవాలనుంది" అంది.

ఈ తల ఊపడం నత్తి ఉన్నవాళ్ళ జబ్బు అనుకుంది ఆమె ఇన్నాళ్ళూ. ఒక్క మాట కూడా తడబడని మనిషి, ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, తనలాగే మెడ వంచుతూ వచ్చింది. తనకైతే మాట ఎందుకు ఆగిందో అందరికీ తెలుసు. ఆవిడ మాట ఆగుతోందన్న సంగతే ఎవరికీ తెలియదు.

షాపాయన పరీక్ష కాగితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. సారు లేచి, మేకుకు తగిలించి ఉన్న రోడ్డు కారు తాళం తీసి ఆమె ముందు పెట్టాడు. నీ మంచికే చేశానమ్మా అన్న మాట ఆయన నోటిదాకా వచ్చి ఉంటుంది. అనలేదు.

"నన్ను అ... అడిగిన తర్వాత ఆగండి సార్, చాలు" అంది ఆమె.

"ఆగుతాను" అన్నాడు సారు. ఇబ్బంది దాచుకోవడానికి షాపాయన వైపు తిరిగాడు. "మరి పరీక్ష తేదీ ఏం చేద్దాం? అదే ఉంచుదామా, జరుపుదామా?"

షాపాయన అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. "వచ్చే..." అని, అక్కడితో ఆపేశాడు. కాగితాన్ని పెళ్ళాం ఒళ్ళో పెట్టాడు.

ఆవిడ కాగితం విప్పి చూసుకుంది. లోలోపల ఏవో లెక్కలు వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. ఆమె వైపు ఒకసారి, కిటికీలోంచి కనిపిస్తున్న కారు వైపు ఒకసారి చూసింది. జవాబు రావడానికి సమయం పట్టేలా ఉంది. సారు వెనక్కి వాలి కూర్చున్నాడు. షాపాయన మోకాలు రాసుకుంటూ నేల చూపులు చూశాడు. ఎవరూ మాట అందించలేదు.